అత్తగారి ముత్తాత ఎవరు? ఆమెకు చెప్పవచ్చా?

ప్రశ్న

ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేర్లు, ఇప్పటి ఊరి వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె పదహారేళ్ళ క్రితం కృష్ణా జిల్లా నుంచి పైచదువు కోసం వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో చేరి, తనతో పనిచేసే ఒక అమెరికన్‌ను పెళ్ళి చేసుకున్నారు. వారికి పదకొండేళ్ళ కూతురు ఉంది. వచ్చే అక్టోబరులో అత్తగారికి ఎనభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజుకు అత్తగారి పుట్టింటి వంశవృక్షం తయారుచేసి, ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఈ కోడలి కోరిక.

అత్తగారి దగ్గర ఒక కుటుంబ బైబిల్ ఉంది. పాత, కొత్త నిబంధనల మధ్య పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసుకోవడానికి విడిచిన పేజీల్లో ఆమె ముత్తాత 1841 మార్చిలో వర్జీనియాలో పుట్టినట్టు, 1866 సెప్టెంబరులో ఒహాయోలో పెళ్ళి చేసుకున్నట్టు, ఏడుగురు పిల్లలు కలిగినట్టు రాసి ఉంది. ఆయన అమెరికా అంతర్యుద్ధంలో యూనియన్ పక్షాన, అంటే ఉత్తరాది సైన్యంలో, పోరాడాడని, తర్వాత పొలం కొనుక్కుని స్థిరపడ్డాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1900, 1880 నాటి జనాభా లెక్కల్లో ఆ కుటుంబం సులువుగానే దొరికింది. ఇండియానా సరిహద్దు దగ్గరి ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) వ్యవసాయం చేసుకుంటూ ఉన్నారు. అందరి పేర్ల ఎదుటా తెల్లజాతి అని సూచించే 'డబ్ల్యూ' అక్షరం ఉంది. 1870 లెక్కల్లో మాత్రం ఆ కౌంటీలో ఆ పేరే లేదు. చాలా రోజులు వెతికాక దక్షిణాన రాస్ కౌంటీలో అదే పేరు, పక్కన భార్యదీ అదే పేరు కనిపించాయి. భర్తకు 28 ఏళ్ళు, వ్యవసాయ కూలీ, పుట్టింది వర్జీనియా. భార్యకు 22. మూడేళ్ళ పాప, ఏడాది పాప. నలుగురి ఎదుటా 'ఎం' అని ఉంది. ఆనాటి లెక్కల్లో ఆ అక్షరానికి ములాటో, అంటే నల్లజాతి రక్తం కొంత కలిసినవారు అని అర్థం.

ఈ కాగితం చూసి ఆడపడుచు, "అమ్మకు ఈ వయసులో ఇదంతా ఎందుకు, అవతల పారెయ్" అన్నారట. భర్త, "నూట యాభై ఏళ్ళ నాటి సంగతి, నీ ఇష్టం" అని ఊరుకున్నారట. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "నేను కోడలిని, పైగా పరాయి దేశం నుంచి వచ్చినదాన్ని. వాళ్ళ ఇంటి గుట్టు బయటపెట్టే హక్కు నాకుందా? పెళ్ళికి ముందు నా రంగు గురించి ఆ ఇంట్లో ఒకరు అన్న మాట నాకింకా గుర్తుంది. అందుకే ఈ కాగితం పారేయడానికి మనసు రావడం లేదేమోనని నా మీద నాకే అనుమానంగా కూడా ఉంది."

సమాధానం

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. రాస్ కౌంటీలో దొరికిన మనిషీ బైబిల్లోని మనిషీ ఒకరేనా అన్నది మొదటిది. ఒకరే అయితే ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది రెండోది. మీరూ మీ ఆడపడుచూ రెండోదాని మీద వాదించుకుంటున్నారు గానీ మొదటిది ఇంకా తేలనే లేదు. తేలకుండానే ఆ కాగితం పారేస్తే, అది నిజమేనని రేపు తెలిసినప్పుడు మీ మనసు మిమ్మల్ని నిలదీస్తుంది. తేలకుండానే చెప్పేస్తే, అది వేరే మనిషని తెలిసిన రోజున ఎనభై ఏళ్ళ పెద్దావిడ దగ్గర మాట వెనక్కి తీసుకోవలసి వస్తుంది. అక్టోబరుకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ముందు ఆ మనిషి సంగతి తేల్చుకుందాం.

ఇక్కడి పాఠకుల కోసం ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మన దేశంలో 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరూ చూడటానికి వీల్లేదు. అందుకే మన పూర్వీకులను వెతకాలంటే ఇంటిపేరు, గోత్రం, భూమి కాగితాలు, పెద్దవాళ్ళ జ్ఞాపకం తప్ప మనకు దారి లేదు. అమెరికాలో మాత్రం 72 ఏళ్ళు గడిచాక ప్రతి ఇంటి వివరాలూ పేర్లతో సహా బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అయితే 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరొక్కటే రాసి, మిగిలినవాళ్ళను వయసుల వారీగా అంకెల్లో చూపించేవారు. 1850లో మొదటిసారి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాశారు. బానిసలుగా ఉన్నవాళ్ళకు 1850, 1860లలో వేరే జాబితా ఉండేది. అందులో యజమాని పేరు కింద ఒక్కో మనిషికి వయసు, ఆడో మగో, రంగు మాత్రమే ఉంటాయి, దాదాపు ఎక్కడా పేరుండదు. విముక్తులైన లక్షల మంది పేర్లు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది 1870లోనే. మీరు చేతిలో పట్టుకుని కూర్చున్నది ఆ 1870 నాటి షీటు కాబట్టి, దాన్ని అంత తేలిగ్గా పారేయలేకపోవడానికి మీ పాత బాధ ఒక్కటే కారణం కాదని నా నమ్మకం.

ఇక మొదటి ప్రశ్న. మీరు చేయని పని ఒకటి ఉత్తరంలో స్పష్టంగా కనిపిస్తోంది: 1870లో ఆ పేరు దొరకగానే మీరు వెతకడం ఆపేశారు. మీరు రాసిన ఇంటిపేరూ పేరూ రెండూ అక్కడ మన సుబ్బారావు లాంటివి. భార్య పేరు కూడా ఆ కాలంలో ప్రతి రెండో ఇంట్లో ఉండేదే. అందుకని నేనైతే మొదట మీ ఊహను కూలగొట్టగల సాక్ష్యం కోసమే వెతుకుతాను. 1880 లెక్కల్లో రాస్ కౌంటీని ఒకసారి చూడండి. 1870లో 28 ఏళ్ళున్న ఆ కూలీ, ఆయన భార్య, ఆ ఇద్దరు పిల్లలు 1880లోనూ అక్కడే కనిపిస్తే, సరిహద్దు కౌంటీలోని మీ కుటుంబం వేరని ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. మీ ఆడపడుచుతో తగువు కూడా అంతటితో సరి. అలాగే 1870లో ఒహాయో, ఇండియానా రెండు రాష్ట్రాల్లోనూ అదే పేరుతో, వర్జీనియాలో పుట్టి, 'డబ్ల్యూ' అని రాసి ఉన్న మరో మనిషి ఉన్నాడేమో చూడండి. ఉంటే ఆయనకూ మీ బైబిల్‌తో పొత్తు కుదురుతుందేమో పరీక్షించాల్సిందే. వంశ వివరాలు వెతికే వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఈ సూచికలన్నీ ఉచితంగానే ఉన్నాయి. పేరును ఒకే వర్ణక్రమంలో వెతకకండి; రాసినవాళ్ళు చెవికి ఎలా వినపడితే అలా రాశారు, వాటిని సూచికలోకి ఎక్కించినవాళ్ళు కంటికి ఎలా కనపడితే అలా ఎక్కించారు.

వయసుల్లోని తేడాలు చూసి మాత్రం కంగారు పడకండి. ఆ రోజుల్లో లెక్కకు ప్రమాణం జూన్ 1వ తేదీ. బైబిల్ ప్రకారం ఆయనకు 1870 జూన్ నాటికి 29 ఉండాలి, షీటులో 28 ఉంది. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం కూడా అడిగారు. మీరు పంపిన ప్రతిలో 1842 మార్చి అని ఉంది, అంటే అక్కడా ఒక ఏడాది తేడానే. నెల కలిసింది, ఏడాది జారింది, ఇది మామూలే. లెక్క రాయడానికి మనిషి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పారు, ఎవరూ లేకపోతే పక్కింటివాళ్ళు చెప్పి ఉండవచ్చు. సమాధానం చెప్పింది ఎవరో గుర్తు పెట్టడం 1940లో గానీ మొదలుకాలేదు. పైగా 1870లో రాసిన షీట్లకు నకళ్ళు తీసి పైకి పంపేవారు, మనం ఇప్పుడు తెర మీద చూసేది చాలాసార్లు ఆ నకలే. ఒక అక్షరం, ఒక అంకె మారడానికి ఇన్ని చోట్లున్నాయి.

మీరు పంపిన బైబిల్ ఫొటోలు చాలాసేపు చూశాను. అందులో మీరు గమనించనిది ఒకటుంది. ముఖపత్రం మీద అచ్చైన సంవత్సరం 1882. అంటే 1841 నాటి పుట్టుక, 1866 నాటి పెళ్ళి, 1869 మొదలు మొదటి ఐదుగురు పిల్లల పుట్టుకలు 1882కు ముందు ఆ పుస్తకంలో రాసి ఉండటానికి వీల్లేదు. ఫొటోను పెద్దది చేసి చూడండి: ఆ మొదటి పద్దులన్నీ ఒకే చేతివ్రాత, ఒకే గోధుమరంగు సిరా, అక్షరాలు ఒకే వాలుగా ఉన్నాయి. 1884లో పుట్టిన బిడ్డ దగ్గర సిరా నల్లగా మారింది, కలం పాళీ కూడా మారినట్టుంది. కాబట్టి ఎవరో ఒకరు, బహుశా ఆ భార్యే, 1882, 1884 మధ్య ఒకరోజు కూర్చుని అప్పటిదాకా జరిగిందంతా జ్ఞాపకం నుంచి ఒక్కసారిగా రాశారు. అంతమాత్రాన అది అబద్ధమని కాదు. కానీ జరిగిన రోజునే రాసిన పద్దుకు ఇచ్చే విలువ దానికి ఇవ్వలేం. ఎవరు ఏది గుర్తుంచుకోవాలనుకున్నారో, ఏది విడిచిపెట్టారో అన్న ప్రశ్న కూడా అక్కడే మొదలవుతుంది.

విడిచిపెట్టినది ఒకటి కనిపిస్తూనే ఉంది. 1900 షీటులో భార్య వరుసలో, కుడివైపు, 'ఎంతమంది బిడ్డలకు తల్లి', 'వారిలో ఎందరు బతికి ఉన్నారు' అని రెండు గడులుంటాయి. మీ ప్రతిలో ఆ గడుల్లో 9, 7 అని ఉన్నాయి. బైబిల్లో ఉన్నది ఏడుగురే, ఆ ఏడుగురూ 1900 నాటికి బతికే ఉన్నారు. అంటే బైబిల్లోకి ఎక్కని ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇప్పుడు మళ్ళీ 1870 షీటు చూడండి. ఏడాది పాప 1869లో పుట్టిన బైబిల్లోని పెద్దమ్మాయి వయసుకు సరిపోతుంది. మూడేళ్ళ పాప బైబిల్లో లేదు, 1880లోనూ లేదు. ఆ పాప పోయిన ఇద్దరిలో ఒకరైతే ఈ రెండు కుటుంబాలూ ఒకటే కావడానికి బలం చేకూరుతుంది. ఇది రుజువు కాదు. నన్నడిగితే ఇంతవరకూ మీ దగ్గరున్న వాటిలో రంగు అక్షరం కన్నా, పేరు కన్నా గట్టి ఆధారం మాత్రం ఇదే.

దీన్ని తేల్చడానికి దారి ఉంది. ఒహాయోలో 1867 నుంచి పుట్టుకలు, మరణాలు కౌంటీ ప్రొబేట్ కోర్టుల్లో (వీలునామాలు, వారసత్వ వ్యవహారాలు చూసే కోర్టులు) నమోదయ్యేవి. అందరూ నమోదు చేయించలేదు గానీ చాలామంది చేయించారు. రాస్ కౌంటీ మరణాల పుస్తకంలో 1870, 1880 మధ్య ఆ ఇంటిపేరుతో చిన్నపిల్ల ఎవరైనా ఉన్నారేమో చూడండి. పెళ్ళి రికార్డు కూడా అదే కోర్టులో ఉంటుంది. 1866 సెప్టెంబరు నాటి పెళ్ళి రాస్ కౌంటీలో దొరికిందంటే, భార్య పుట్టింటి పేరు బైబిల్లో ఉన్నదానితో కలిసిందంటే, నా మట్టుకు నేను విషయం తేలిపోయిందనే అంటాను. మరో దారి పొలం దస్తావేజు. సరిహద్దు కౌంటీలో ఆయన కొన్న భూమి దస్తావేజు అక్కడి రికార్డర్ ఆఫీసులో (మన రిజిస్ట్రారు ఆఫీసు లాంటిది) ఉంటుంది. కొనేవాడు ఏ కౌంటీ నివాసి అన్నది అలాంటి పత్రాల్లో తరచుగా రాసేవారు. 'రాస్ కౌంటీ నివాసి' అన్న ఒక్క మాట అక్కడ ఉంటే చాలు.

ఇక యుద్ధం సంగతి. ఆనాటి యూనియన్ సైన్యంలో నల్లజాతివారికి దళాలు వేరు. ఒహాయోలో 1863లో 127వ పదాతిదళంగా మొదలైనది తర్వాత 5వ యు.ఎస్. కలర్డ్ ట్రూప్స్ అయింది. అందువల్ల ఆయన ఏ దళంలో పనిచేశాడన్నదే ఒక సాక్ష్యం. తెల్లగా కనిపించేవారు కొందరు తెల్లవారి దళాల్లోనూ చేరారు కాబట్టి తెల్లవారి దళంలో దొరికితే ప్రశ్న పూర్తిగా తీరదు. నల్లజాతివారి దళంలో దొరికితే మాత్రం దాదాపు తీరిపోతుంది. 1890 జనాభా లెక్కల్లో ఎక్కువ భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత పోయింది. అందుకే మీకు 1880 నుంచి ఒక్కసారిగా 1900కు దూకవలసి వచ్చింది. అయితే ఆ ఏడాది యూనియన్ సైనికులకూ వారి వితంతువులకూ వేరుగా రాసిన జాబితాలో ఒహాయో భాగం మిగిలే ఉంది. అందులో దళం, కంపెనీ, చేరిన తేదీ ఉంటాయి. అది దొరికితే వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి పింఛను ఫైలు తెప్పించుకోండి. కొంచెం ఖర్చవుతుంది, వారాలు పడుతుంది, అయినా తెప్పించుకోండి. 1898లో పింఛనుదారులందరికీ ఒక ప్రశ్నపత్రం పంపారు: భార్య పేరు, పెళ్ళి ఎక్కడ ఎప్పుడు ఎవరు చేశారు, ఉన్న పిల్లలెవరు, వాళ్ళు ఎప్పుడు పుట్టారు. భర్త పోయాక భార్య పింఛను అడిగిందంటే, ఇరుగుపొరుగు ప్రమాణం చేసి చెప్పిన మాటలు కూడా ఆ ఫైల్లో ఉంటాయి. మీ అత్తగారి ముత్తాత సొంత మాటకు దగ్గరగా మీరు వెళ్ళగలిగేది అక్కడే.

ఇవన్నీ చూశాక ఇద్దరూ ఒకరేనని తేలిందనుకుందాం. అప్పుడు మీరు ఎదుర్కొనే మాట, "ఆయన దాచాడు, అబద్ధమాడాడు" అన్నది. ఆ మాట ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. రంగు గడిలో అక్షరం రాసింది ఆయన కాదు. లెక్క రాయడానికి వచ్చిన మనిషి చూసి, తనకు తోచింది రాశాడు. అమెరికాలో తమ జాతిని తామే చెప్పుకునే పద్ధతి 1960 నుంచే మొదలైంది. 1870లో ఆ ఉద్యోగులకిచ్చిన సూచనల్లో నల్లజాతి రక్తం ఛాయ ఏ కొంచెం కనిపించినా ములాటోగానే రాయమన్నారు. రాస్ కౌంటీలో ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్ళున్నారు. కొత్త కౌంటీలో ఎవరూ లేరు. 1900 నాటికి ఆ గడిలో ములాటో అన్న వర్గమే తీసేశారు. పైగా ఒహాయో కోర్టులు అంతర్యుద్ధానికి ముందే, సగానికి మించి తెల్లజాతి రక్తం ఉన్నవాళ్ళకు తెల్లవారి హక్కులు వర్తిస్తాయని తీర్పులిచ్చాయి. చట్టం దృష్టిలో ఆయన తెల్లవాడే అయి ఉండవచ్చు, పక్కింటివాడి దృష్టిలో కాకపోయి ఉండవచ్చు.

రాస్ వంటి దక్షిణ కౌంటీలకు వర్జీనియా నుంచి అలాంటి కుటుంబాలు ఎందుకు వచ్చాయో కూడా తెలుసుకోవాలి. వర్జీనియాలో 1806 నాటి చట్టం ప్రకారం విముక్తి పొందిన మనిషి పన్నెండు నెలల్లో రాష్ట్రం విడిచి వెళ్ళాలి, లేకపోతే మళ్ళీ బానిసత్వంలోకి వెళ్ళే ప్రమాదం. నది దాటి ఒహాయోకు వస్తే, అక్కడ 1849 దాకా స్వేచ్ఛాపత్రం చూపించమని, పూచీకత్తు కట్టమని అడిగే చట్టాలు. ఆ తర్వాత 1861లో, నల్లజాతి రక్తం కంటికి కనిపించేవారికీ తెల్లవారికీ పెళ్ళిళ్ళు నిషేధిస్తూ ఇంకో చట్టం వచ్చింది; దాన్ని 1887లో గానీ రద్దు చేయలేదు. చంటిబిడ్డలతో ఒక కూలీ కుటుంబం ఎవరూ తెలియని కౌంటీకి మకాం మార్చి, పొలం సంపాదించి, 1882 తర్వాత ఒకరోజు కొత్త బైబిల్ తెరిచి కొన్ని సంగతులు రాసి, కొన్ని రాయకుండా విడిచిందంటే, ఆ పనిని ఈ చట్టాల పక్కన పెట్టి చూడాలి. రంగును బట్టి సంబంధాలు కుదిరే, చెడే సమాజం నుంచి వచ్చిన మనకు ఇది అర్థం కాకపోవడానికి కారణమేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న, చెప్పడం. మీకు కొన్ని దారులున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో ఖరీదుంది.

పుట్టినరోజు కానుకను బైబిల్లో ఉన్నంతవరకే చేసి ఇవ్వడం ఒక దారి. మీరు ఎవరినీ మోసం చేసినట్టు కాదు. రుజువైనంత వరకే రాశారు. ఆ రోజు సంతోషంగా గడుస్తుంది. కానీ కాగితం మీ సొరుగులో ఉంటుంది, దాని సంగతి మీ ఆడపడుచుకు తెలుసు, మీ భర్తకు తెలుసు. ఇంట్లో ముగ్గురికి తెలిసి ఒక్కరికి తెలియని విషయం ఎన్నాళ్ళు ఆగుతుందో మీకే తెలియాలి. ఆ ఒక్కరు ఆ మనిషికి అందరికన్నా దగ్గరి వారసురాలు కూడా.

పరిశోధన పూర్తయ్యాక అత్తగారికి విడిగా, పుట్టినరోజుకు చాలా ముందో, తర్వాతో చెప్పడం మరో దారి. నా మొగ్గు ఇటువైపే. నలుగురి ముందు, కేకు కోసే వేళ, ఫ్రేము విప్పి చూపించే పద్ధతిలో మాత్రం వద్దు; ఆమె ముఖంలో వచ్చే మొదటి భావం ఆమెది, దాన్ని అందరూ చూడనక్కర్లేదు. మీ భర్తను పక్కన కూర్చోబెట్టుకోండి. "నీ ఇష్టం" అన్న మాటతో ఆయన తప్పుకోకూడదు. అది ఆయన తల్లి ఇంటి కథ. ముందు బైబిల్ తెరిచి 1882 అన్న అంకె చూపించండి, ఆ సిరా చూపించండి, తర్వాత ఆ 9, 7 అంకెలు చూపించండి. ఆ ఇద్దరు పిల్లల గురించి ఎప్పుడైనా విన్నారా అని అడగండి. ముందు ఆమె చెప్పేది వినండి. ఎనభై ఏళ్ళ మనిషి దగ్గర మనం ఊహించని సమాధానం ఉండవచ్చు. వాళ్ళ తాత నోట విని ఇన్నేళ్ళూ మనసులోనే ఉంచుకున్న సంగతే కావచ్చు. ఆమె ముందుకు వెళ్ళాలనుకుంటే 1870 షీటు ఇవ్వండి. "ఇక చాలు" అంటే ఆగండి. తెలుసుకోవడమా, మానడమా అన్న నిర్ణయం ఆమె చేతిలో పెట్టడానికీ, మీ ఆడపడుచు ఆమె తరఫున తీసేసుకోవడానికీ చాలా తేడా ఉంది. అయినా మీ ఆడపడుచును శత్రువుగా చూడకండి. ఆమె కాపాడుతున్నది తల్లినే అయి ఉండవచ్చు, తన గురించి తనకున్న ఊహనూ అయి ఉండవచ్చు. ఆ రెండోది తేలికైన విషయం కాదు. మీరు తల్లితో మాట్లాడబోతున్న సంగతి ఆమెకు ముందుగా చెప్పండి. అనుమతి కోసం కాదు, వెనకనుంచి చేశారన్న మాట రాకుండా ఉండటానికి.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని మీకు ఎవరో చెప్పారట. ముత్తాత నుంచి మీ అత్తగారికి వచ్చేది సగటున ఎనిమిదో వంతు, మీ భర్తకు పదహారో వంతు, మీ అమ్మాయికి ముప్పై రెండో వంతు. కాబట్టి పరీక్ష అర్థవంతంగా ఉండాలంటే అది మీ అత్తగారిదే కావాలి, అదీ విషయమంతా తెలిసి ఆమె ఒప్పుకుంటేనే. మీ అమ్మాయి నమూనాతో నిశ్శబ్దంగా చేయించే ఆలోచన ఉంటే మానండి. పదకొండేళ్ళ పిల్ల తరఫున మీరు తెరిచే ఆ తలుపు మళ్ళీ మూసుకోదు, మీరు వెతకని బంధుత్వాలూ అందులో బయటపడతాయి. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే వంశవృక్షంలో 1870 మనిషిని ఇప్పుడే కలపడం కూడా అలాంటిదే. మీరు తర్వాత తీసేసినా, ఈలోపు దాన్ని నకలు చేసుకున్న పదిమంది చెట్లలో అది అలాగే ఉండిపోతుంది.

మీకు హక్కుందా అని అడిగారు. మీరు ఆ ఇంటికి కోడలు మాత్రమే కాదు, ఆ మనిషి వారసురాలికి తల్లి. మీ అమ్మాయి ఒకరోజు ఇదే వెతుకులాట మొదలుపెడితే ఇదే షీటు దొరుకుతుంది, అప్పుడు మీరు ముందే చూశారని కూడా తెలుస్తుంది. వెతకడానికి, జాగ్రత్త చేయడానికి మీకు పూర్తి హక్కుంది. తనొక్కరే నిర్ణయించి చాటింపు వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు, మీకే కాదు, మీ ఆడపడుచుకూ లేదు.

మీ రంగు గురించి అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని దాచకుండా రాశారు. ఆ మాట తప్పు. అది తప్పని నిరూపించడానికి మీకు 1870 నాటి కూలీ సాక్ష్యం అక్కర్లేదు. అన్నవారు ఇంకా ఉంటే, మీకు చెప్పాలనిపిస్తే, ఆ రోజు నొచ్చుకున్నానని వారికే సూటిగా చెప్పండి. ఆ పని ఈ కాగితంతో చేయించబోతే, మీ అత్తగారి ముత్తాత మీ వాదనలో ఒక ఆయుధమైపోతాడు, వినేవాళ్ళు ఆయన్ను అలాగే గుర్తుంచుకుంటారు. మీ మీద మీకు అనుమానం వచ్చిందంటేనే ఈ తేడా మీకు తెలుసని అర్థం.

ప్రస్తుతానికి ఈ వారం 1880 నాటి రాస్ కౌంటీ చూడండి. ఆ కుటుంబం అక్కడ లేకపోతే ప్రొబేట్ కోర్టుకు పెళ్ళి రికార్డు కోసం, మరణాల పుస్తకం కోసం ఉత్తరం రాయండి. వంశవృక్షం గీసేటప్పుడు ముత్తాతకు పైన ఉన్న గడులు ఖాళీగానే విడవండి. పిల్లల వరుసలో మాత్రం ఏడు కాదు, తొమ్మిది గడులు గీయండి, ఎందుకంటే తొమ్మిది అని ఆ తల్లి ఇంటి లెక్కలోనే ఉంది. ఆ మూడేళ్ళ పాప ఆమె బిడ్డేనని కోర్టు పుస్తకంలో తేలితే, ఒక గడిలో ఆ పాప పేరు రాయవచ్చు.